డిజిటల్ థర్మామీటరును ఉడకబెట్టకండి, కడగండి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. నలభై మంది పెద్దలు ఉండే వృద్ధాశ్రమంలో మీరు నర్సుగా పనిచేస్తున్నారు. అందరికీ కలిపి ఆరు డిజిటల్ థర్మామీటర్లు ఉన్నాయి. వాటిని పూర్తిగా స్టెరిలైజ్ చేయడానికి ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో ఆవిరి పట్టే యంత్రంలో, పెట్టవచ్చా, మరిగే నీళ్లలో వేయవచ్చా, లేక స్పిరిట్ చాలునా అన్నది మీ మొదటి ప్రశ్న. ఆరింటిలో రెండు ఈ మధ్య ఒకే మనిషికి వేర్వేరు అంకెలు ఎందుకు చూపిస్తున్నాయన్నది రెండోది. నేను ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి పరికరాల నిర్వహణలోనే ఉన్నాను. ఇవి రెండు ప్రశ్నలుగా కనిపిస్తున్నా, నా అనుభవంలో మూలం ఒకటే. థర్మామీటరును శుభ్రం చేసే పద్ధతి తప్పితే అది చూపించే అంకె కూడా తప్పుతుంది. అందుకే రెండింటికీ కలిపే జవాబు రాస్తున్నాను.

ఆటోక్లేవ్ వద్దు, మరిగే నీళ్లూ వద్దు. ఆటోక్లేవ్‌లో ఆవిరి సాధారణంగా 121 డిగ్రీల సెల్సియస్‌కో అంతకు పైకో వేడెక్కుతుంది. మామూలు డిజిటల్ థర్మామీటరును నిల్వ ఉంచడానికే తయారీదారులు సాధారణంగా 55 లేదా 60 డిగ్రీల హద్దు పెడతారు. ఆ హద్దు దాటితే తెరలోని ద్రవ స్ఫటికం నల్లబడుతుంది, బటన్ బ్యాటరీ ఉబ్బుతుంది లేదా పగులుతుంది, లోహపు కొనను ప్లాస్టిక్ కాడకు అంటించిన జిగురు వదులవుతుంది. ఆ కొన లోపల నువ్వుగింజ కంటే చిన్నదైన థర్మిస్టర్ పూస ఒకటి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది, ఆ తగ్గుదలను కొలిచే పరికరం జ్వరం ఎంతో చెబుతుంది. వెంట్రుక మందం ఉండే రెండు తీగలు ఆ పూస నుంచి కాడ పొడవునా తెర దాకా వెళ్తాయి. ఈ అమరికకు మరిగే నీరు పడదు.

అసలు థర్మామీటరుకు స్టెరిలైజేషన్ అవసరమా అన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. స్టెరిలైజేషన్ అంటే బాక్టీరియా విత్తుల వంటి మొండి రూపాలతో సహా సూక్ష్మజీవులన్నింటినీ చంపడం. క్రిమిసంహారం అంటే రోగం తెచ్చేవాటిలో చాలావాటిని చంపడం, విత్తులు మిగిలిపోవచ్చు. ఏ పరికరానికి ఏది కావాలో తేల్చడానికి ప్రపంచమంతటా ఆసుపత్రులు అనుసరించేది అమెరికన్ శాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ చేసిన విభజన. రక్తంలోకి, శరీరం లోపలి కణజాలంలోకి వెళ్లే కత్తులూ సూదులూ స్టెరైల్‌గా ఉండితీరాలి. చెక్కుచెదరని చర్మాన్ని మాత్రమే తాకే వస్తువులకు శుభ్రతా, మామూలు క్రిమిసంహారమూ చాలు. నోటిలో, మలద్వారంలో పెట్టే వస్తువులు ఈ రెండింటి మధ్య వస్తాయి. థర్మామీటరు చర్మాన్నో, నోటి లేదా మలద్వారపు లోపలి తడిపొరనో కొద్దిసేపు తాకి బయటికి వచ్చేస్తుంది కాబట్టి, దాన్ని బాగా కడిగి 70 శాతం ఆల్కహాల్‌తో తుడవడం మామూలు పరిస్థితుల్లో సరిపోతుంది. మీరు ఖర్చు చేయవలసినది ఆవిరి మీద కాదు, ప్రతి మనిషి తరువాత ఒకటిన్నర నిమిషం సమయం మీద.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాదరసపు గాజు థర్మామీటర్ల రోజుల్లో ప్రతి వార్డులోనూ బల్ల మీద ఒక చిన్న సీసా ఉండేది. అడుగున దూది, పైన పలచని యాంటిసెప్టిక్ ద్రావణం, అందులో కొన కిందికి పెట్టి నిలబెట్టిన థర్మామీటరు. పాదరసం పోయి ఎలక్ట్రానిక్ థర్మామీటర్లు వచ్చాక కూడా చాలాచోట్ల ఆ సీసా మాత్రం పోలేదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒకే వార్డు నుంచి ఒక్క నెలలో పదకొండు డిజిటల్ థర్మామీటర్లు పాడై నా బల్ల మీదికి వచ్చాయి. మొదటిదాని బ్యాటరీ మూత విప్పితే లోపలి రబ్బరు వలయం గాడి తప్పి మెలితిరిగి ఉంది, బ్యాటరీని తాకే రాగి రేకు మీద పచ్చని చిలుము పొరలుగా పేరుకుంది, తెర గాజు కింద రెండు నీటిబొట్లు అటూ ఇటూ కదులుతున్నాయి. వార్డుకు వెళ్లి చూస్తే కారణం అర్థమైంది. సీసాను నిండుగా నింపినప్పుడల్లా ద్రావణం మీట దాకా వచ్చేది. మీట చుట్టూ ఉన్న సన్నని సందులోంచి లోపలికి దిగి, థర్మామీటరును పడుకోబెట్టగానే బ్యాటరీ దాకా పారేది.

పరికరాలు పాడవడం అక్కడ చిన్న నష్టమే. ఆ సీసా అడుగు ద్రావణాన్ని మైక్రోబయాలజీ విభాగానికి పంపిస్తే అందులో సూడోమోనాస్ బాక్టీరియా పెరిగింది. ఇది ఆ వార్డు సిబ్బంది నిర్లక్ష్యం అనుకోవద్దు. క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్ వంటి మందులను పలచగా కలిపి రోజుల తరబడి ఉంచితే సూడోమోనాస్ జాతి క్రిములు వాటిలో బతకగలవని వైద్యరంగానికి ఎప్పటినుంచో తెలుసు. పైగా సెట్రిమైడ్ వర్గానికి చెందిన మందును దూది తనలోకి పీల్చేసుకుంటుంది, ద్రావణంలో దాని బలం ఇంకా తగ్గుతుంది. అంటే శుభ్రం చేస్తున్నామనుకుని ఒకరి నోటిలోని క్రిములకు ఇంకొకరి నోటికి దారి వేసినట్టే. మీ దగ్గర అలాంటి సీసా ఉంటే ఈ జవాబు చదవడం ముగిసేలోపే దాన్ని పారబోయండి.

ఇక చేయవలసిన పద్ధతి. థర్మామీటరును వాడిన వెంటనే, కొన మీది ఉమ్మీ చెమటా ఎండకముందే కడగాలి, ఎండిన మురికి కింద ఉన్న క్రిములకు ఏ మందూ చేరదు. గోరువెచ్చని నీటిలోనో చల్లని నీటిలోనో కొద్దిగా ద్రవసబ్బు కలిపి, ఆ నీటిలో ముంచి పిండిన మెత్తని గుడ్డతో మీట వైపు నుంచి కొన వైపుకు రుద్దండి. వేడినీళ్లు వాడితే ఉమ్మిలోని ప్రోటీన్ గడ్డకట్టి అతుక్కుంటుంది. తరువాత మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో సబ్బు పూర్తిగా పోయేలా తుడిచి, పొడిగుడ్డతో ఒత్తాలి. నీరు మిగిలిపోతే తరువాత వాడే ఆల్కహాల్ పలచబడుతుంది. అప్పుడు 70 శాతం ఆల్కహాల్‌తో బాగా తడిసిన దూదితో కొననూ, కాడనూ, మీటనూ, తెరనూ, మనం పట్టుకునే చోటునూ తుడిచి, ఆ తడి కనీసం ఒక నిమిషం నిలిచేలా చూడండి. ఒక్కసారి పైపైన తుడిచి వదిలేస్తే మన వేసవిలో అది పది క్షణాల్లో ఆరిపోతుంది. అలాంటప్పుడు రెండోసారి తడపాలి. చివరగా గాలికి ఆరనివ్వాలి.

మీట గురించి విడిగా చెప్పాలి. చాలామంది నర్సులు కొనను ఎంతో శ్రద్ధగా తుడుస్తారు, కానీ రోగి పక్కబట్టలు సర్దిన చేత్తోనే మీట నొక్కుతారు, ఆ మీటను ఎవరూ తుడవరు. తొడుగు పెట్టె సంగతీ అంతే. ఆరని థర్మామీటరును ఆ ప్లాస్టిక్ గొట్టంలోకి తోసి మూత పెడితే లోపల చెమ్మ నిలిచి, కొన్నాళ్లకు అడుగున నల్లని గీతలు కనిపిస్తాయి. వారానికి ఒకసారి ఆ పెట్టెలను సబ్బునీళ్లతో కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరనిచ్చి వాడండి.

ఆల్కహాల్ కొనేటప్పుడు సీసా మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 70 శాతం అని రాసి ఉందో లేదో చూడండి. గాఢత ఎక్కువైతే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. క్రిమిలోని ప్రోటీన్‌ను విరగ్గొట్టడానికి ఆల్కహాల్‌కు నీటి సాయం కావాలి, అందుకే 60 నుంచి 90 శాతం మధ్యనే అది బాగా పనిచేస్తుంది. 99 శాతం దొరికితే 70 మిల్లీలీటర్లు తీసుకుని, కాచి చల్లార్చిన నీరు కలిపి మొత్తం 100 మిల్లీలీటర్లు చేసుకోండి. చేతులకు రాసుకునే శానిటైజరును థర్మామీటరుకు వాడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన శానిటైజరు పాళ్లలో చర్మం పొడిబారకుండా 1.45 శాతం గ్లిసరిన్ ఉంటుంది. అది ఆవిరి కాదు, కొన మీద జిడ్డుపొరగా మిగిలి దుమ్మును పట్టేస్తుంది. అసిటోన్, థిన్నర్, పెట్రోలు ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి లేదా పాడుచేస్తాయి. 2 శాతం గ్లుటరాల్డిహైడ్ క్రిములను బాగా చంపుతుంది గానీ, దాని అవశేషం నోటిని మండిస్తుంది. ఫార్మలిన్ బిళ్లలు వేసిన డబ్బాలో పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ఆ పొగ మనిషికి హాని, పని కూడా నమ్మదగినది కాదు. కరోనా రోజుల్లో విరివిగా అమ్ముడైన అతినీలలోహిత దీపాల పెట్టెలో కాంతి పడిన చోట మాత్రమే పని జరుగుతుంది, థర్మామీటరు నీడ పడిన వైపు అలాగే ఉంటుంది.

స్పిరిట్‌కు లొంగని సందర్భాలూ ఉన్నాయి, వృద్ధాశ్రమంలో ఉన్న మీకు ఇవి తెలియడం అవసరం. యాంటిబయాటిక్స్ వాడిన పెద్దల్లో విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా విత్తుల రూపంలో బతుకుతుంది. ఆ విత్తులను ఆల్కహాల్ ఏమీ చేయలేదు. అమెరికాలో 1992లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఒక ఆసుపత్రిలోనూ ఒక వృద్ధుల సంరక్షణాలయంలోనూ అందరికీ తిప్పి వాడే ఎలక్ట్రానిక్ థర్మామీటర్లను తీసేసి ఒక్కసారి వాడి పారేసేవి పెట్టగానే ఈ విరేచనాలు తగ్గాయి. ఇంకొకటి కాండిడా ఆరిస్ అనే శిలీంధ్రం. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రుల్లో 2015 ఫిబ్రవరి నుంచి 2017 ఆగస్టు వరకు 70 మందిలో అది కనిపించింది, వారిలో దాదాపు అందరూ అక్కడి నాడీవ్యాధుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో ఉన్నవారే. గోడలూ నేలా ఎంత కడిగినా ఆగలేదు. చివరికి కారణం చంకలో పెట్టి మళ్లీ మళ్లీ వాడే ఉష్ణోగ్రత ప్రోబులని తేలింది. వాటిని రోగికీ రోగికీ మధ్య తుడుస్తూనే ఉన్నారు, కానీ వాడిన క్వాటర్నరీ అమోనియం (సెట్రిమైడ్ వర్గపు మందు) తుడుపుగుడ్డలు ఆ శిలీంధ్రం మీద సరిగా పనిచేయలేదు. ఆ ప్రోబులను వాడకం నుంచి తీసేశాకే కొత్త కేసులు బాగా తగ్గాయి. చంక చర్మమే కదా అని తేలిగ్గా తీసుకునేవారికి నేను ఈ సంఘటననే చెబుతాను.

కాబట్టి విరేచనాలు పట్టుకున్నవారికీ, ఆసుపత్రి నుంచి పుండ్లతోనో గొట్టాలతోనో తిరిగివచ్చినవారికీ విడిగా ఒక థర్మామీటరు ఇచ్చి, అది వారి మంచం దగ్గరే ఉంచండి. వారు కోలుకున్నాక దాన్ని ఇంకొకరికి వాడకండి. మలద్వారంలో వాడేది వేరే రంగుది కొనండి. నోటిలో వాడేవాటితో దాన్ని ఒకే పళ్లెంలో పెట్టడం, ఒకే గుడ్డతో తుడవడం కూడా చేయకండి. మార్కరుతో రాసుకోవడం మీద ఆధారపడలేం, స్పిరిట్‌కు ఆ రాత వారం తిరగకుండా చెరిగిపోతుంది. కొనకు తొడిగి, వాడాక పారేసే పలచని ప్లాస్టిక్ తొడుగులు వాడటం మంచిదే. కానీ అవి చిరుగుతాయి, తీసేటప్పుడు ఉమ్మి చేతికి అంటుతుంది. కాబట్టి తొడుగు వాడినా తుడవడం మానకూడదు.

ఇప్పుడు తేడా అంకెల సంగతికి వస్తాను. కొన మీద పేరుకున్న పొర వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది. ఈ థర్మామీటర్లు వేడి పెరగడం మందగించిందని తోచగానే బీప్ కొడతాయి. మురికి కొన నెమ్మదిగా వేడెక్కడాన్ని అది చివరికి చేరిందని పొరబడి, అసలు కంటే తక్కువ అంకె దగ్గర ఆగిపోతుంది. స్పిరిట్ ఆరకముందే చంకలో పెట్టినా ఫలితం ఇదే, ఆవిరయ్యే ఆల్కహాల్ కొనను చల్లబరుస్తుంది. దీనికి విరుద్ధంగా కొన అతుకులోంచి చెమ్మ లోపలికి చేరితే, థర్మిస్టర్ పక్కనుంచి విద్యుత్తుకు దొంగదారి దొరికి మొత్తం నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గిందంటే వేడి పెరిగిందని పరికరం అనుకుంటుంది, లేని జ్వరాన్ని చూపిస్తుంది. మీ రెండింటిలో ఒకటి ఎప్పుడూ తక్కువ, మరొకటి ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంటే, మొదటిదాన్ని బాగా కడిగి చూడండి, రెండోదాని మీద ఆశ పెట్టుకోకండి.

పెద్దవారి విషయంలో ఈ తేడా చిన్నది కాదు. అమెరికా అంటువ్యాధుల వైద్యసంఘం 2008లో వృద్ధుల సంరక్షణాలయాలకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నోటిలో ఒక్కసారి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, లేదా ఆ మనిషికి మామూలుగా ఉండే దానికంటే 2 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగినా జ్వరంగానే లెక్క. పెద్దవారి శరీరం న్యుమోనియాలో కూడా గట్టిగా వేడెక్కకపోవచ్చు. అర డిగ్రీ తక్కువ చూపించే థర్మామీటరు ఒక రోజు చికిత్సను వెనక్కి నెట్టగలదు.

పరీక్షించడానికి ఐస్‌నీళ్లు వాడమని చెప్పేవారున్నారు. అది వంటింటి థర్మామీటరుకు పనికొస్తుంది గానీ, మన థర్మామీటరు సుమారు 32 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువను అంకెగా చూపించదు, ఎల్ అనే అక్షరం మాత్రమే చూపిస్తుంది. దానికి బదులు ఒక మంచి థర్మామీటరును ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్షింపజేసి, ధ్రువపత్రంతో సహా బీరువాలో పెట్టుకోండి. దాన్ని ఏ మనిషికీ వాడకండి, మిగతావాటిని సరిచూడటానికే ఉంచండి. పెద్ద స్టీలు ఫ్లాస్కులో చేతికి గోరువెచ్చగా, 38 డిగ్రీలకు అటూఇటూగా ఉండే నీరు పోయండి. ధ్రువపత్రం ఉన్నదాన్నీ, పరీక్షించవలసినదాన్నీ కొనలు ఒకే మట్టానికి వచ్చేలా రబ్బరుబ్యాండుతో కట్టి, కొనలు మాత్రమే మునిగేలా పెట్టి, నీటిని మెల్లగా కలుపుతూ రెండు నిమిషాలు ఆగండి. తేడా 0.1 డిగ్రీ సెల్సియస్ అయితే ఫరవాలేదు. 0.2 దాటితే కడిగి, బ్యాటరీ మార్చి, మళ్లీ చూడండి. అప్పటికీ దాటితే దాన్ని తీసేయండి. పది క్షణాల్లో ఫలితం అంచనా వేసి చెప్పే రకాలకు ఈ నీటి పరీక్ష సరిపోదు. అవి చర్మం వేడిని ఇచ్చే వేగాన్ని బట్టి లెక్కకడతాయి, నీరు అంతకంటే చాలా వేగంగా వేడిని ఇస్తుంది.

కొనే ముందు పెట్టె మీద నీటి రక్షణ అంకె చూడండి. ఐపీ22 అంటే నీటిచుక్కలు పడితే తట్టుకుంటుంది, అంతే. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునేలా చేసినది. అలాంటిదాన్ని కుళాయి కింద కడగవచ్చు. అయితే బ్యాటరీ మూతను ఒక్కసారి విప్పాక రబ్బరు వలయం మళ్లీ గాడిలో కూర్చుంటేనే ఆ రక్షణ నిలుస్తుంది.

బ్యాటరీ సాధారణంగా ఎల్‌ఆర్41 ఉంటుంది, అది 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్. నెలల తరబడి వాడని థర్మామీటరులోంచి దాన్ని తీసేయండి, కారితే లోపలి రేకులు తినేస్తుంది. కారిన తెల్లని పొడిని కొద్దిగా వెనిగర్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, తడిపి పిండిన దూదితో మరోసారి తుడిచి ఆరబెట్టవచ్చు. పాత సెల్లులను పళ్లెంలో వదిలేయకండి. చూపు తగ్గిన పెద్దలు బటన్ సెల్లును మాత్ర అనుకుని మింగిన సంఘటనలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. టేపు చుట్టి, మూత ఉన్న డబ్బాలో వేయండి.

ఎండాకాలంలో మన రామగుండంలోనో రెంటచింతలలోనో గది లోపలే 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు ఉంటాయి. ఈ పరికరాలు చాలావరకు 10 నుంచి 40 డిగ్రీల గదిలో పనిచేయడానికి తయారైనవి. గరిష్ఠ అంకెను పట్టి ఉంచడం వీటి స్వభావం కాబట్టి, ముందే 41 డిగ్రీలకు వేడెక్కిన కొనను చంకలో పెడితే ఆ 41నే జ్వరంగా చూపించగలదు. అలాంటి రోజుల్లో చల్లని తడిగుడ్డతో కొనను తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాకే మీట నొక్కండి. నుదుటి మీద, చెవిలో చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లకు వేడి గది ఇంకా ఇబ్బంది. వాటి కంటికి, అంటే వేడిని పసిగట్టే కటకానికి, ఎప్పుడూ స్పిరిట్ పిచికారీ చేయకండి. 70 శాతం ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తేలికగా తాకి తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వాలి. చెవి గుబిలి పట్టిన కన్ను తక్కువ చూపిస్తుంది.

మీ ఆరింటిలో తేడా చూపించే రెండింటినీ ఈ రోజే పక్కన పెట్టి, సబ్బునీళ్ల గుడ్డతో, తరువాత స్పిరిట్‌తో తుడిచి, మూతలు విప్పి పచ్చని చిలుము ఉందేమో చూడండి. చిలుము కనిపిస్తే మరమ్మతు చేయకండి. శుభ్రంగా ఉంటే కొత్త సెల్ వేసి, ఫ్లాస్కు పరీక్ష చేసి, ఒక పుస్తకంలో తేదీతో ఆ అంకెలు రాసుకోండి. మళ్లీ మూడు నెలలకు అదే పుట తీసి కొత్త అంకెలను పక్కనే రాయండి.